మా పేట సినిమా హాలు మూతపడింది ఓటీటీల వల్లేనా?

యనమదుర్రు గట్టు:

భీమవరం దాటి యనమదుర్రు కాలువ అవతల ఉన్న మా పేట హాలుకి పోయిన వారం పొక్లెయిన్ పెట్టారు. ముందు గోడ, బాల్కనీ మెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. స్క్రీన్ వైపు మొత్తం పోయింది, రోడ్డు మీద నుంచి చూస్తే గేటులోంచి వెనకున్న చేపల చెరువు కనపడుతోంది. ఆ ఫోటో మా పేట వాట్సాప్ గ్రూపులో పడగానే అందరిదీ ఒకటే మాట, "ఓటీటీలు వచ్చాయి, హాళ్లు పోయాయి" అని. నేను ఒప్పుకోను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ముందు సంవత్సరాలు చూడండి. ఈటీవీ, జెమిని 1995లో వచ్చాయి, ఇంట్లో కూర్చుంటే సినిమా, అయినా హాలు ఆడింది. తర్వాత వీసీడీలు వచ్చాయి, కేబుల్ వాళ్లు రాత్రి పూట కొత్త సినిమాలు వేసేసేవారు, అప్పుడూ ఆడింది. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ మన దేశంలో మొదలైంది 2016లో, జియో సిమ్ములు వచ్చిందీ అదే ఏడు, ఆహా అయితే 2020. మా హాల్లో సెకండ్ షో ఎత్తేసింది 2013లో. అప్పటికే మ్యాట్నీకి ముప్పై మంది వస్తే ఆ రోజు బాగున్నట్టు లెక్క. మరి 2016లో వచ్చినదాని మీద 2013 నింద ఎలా వేస్తాం?

నా లెక్కలో అసలు కారణం ప్రింటు, అంటే సినిమా రీళ్ల కాపీ. మాది రిలీజ్ హాలు కాదు. కొత్త సినిమా ముందు భీమవరం టౌన్‌లో పడేది. ఒక్కో ప్రింటు తీయడానికి పదుల వేలు అయ్యేది కాబట్టి జిల్లాకి వచ్చేవే కొన్ని. టౌన్‌లో నాలుగైదు వారాలు ఆడి, జనం పలచబడ్డాక అదే ప్రింటు మా పేటకి వచ్చేది, ఆ తర్వాత ఇంకా లోపలి ఊళ్లకి పోయేది. రేకు డబ్బాలు ఆటోలో దిగుతుంటే చూడటానికి పిల్లలం గేటు దగ్గర కాపు కాసేవాళ్లం. గీతలు పడి, అక్కడక్కడ ముక్కలు ఎగిరిపోయి, పాట మధ్యలోంచి ఒక్కసారిగా ఫైటులోకి దూకేసేది, అయినా మాకు అదే కొత్త సినిమా. టౌన్‌కి వెళ్తే బస్సు చార్జీ, ఎక్కువ రేటు టికెట్టు, అందుకని పేటంతా ఆగేది. మా అమ్మ "మనకి వస్తుందిలే" అనేది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పేట మొత్తం అలా ఆగడం వల్లే హాలు నడిచింది.

2010 ప్రాంతంలో మా హాలుకి డిజిటల్ ప్రొజెక్టరు వచ్చింది. ఇక రేకు డబ్బాలు లేవు, గీతలు లేవు, మా హాలుకి మళ్లీ మంచి రోజులు వచ్చాయని అందరం సంతోషించాం. జరిగింది వేరు. కాపీకి ఖర్చు తగ్గిపోయేసరికి టౌన్‌లో నాలుగు హాళ్లలో ఒకేరోజు వేయడం మొదలైంది, శుక్రవారం నుంచి ఆదివారం లోపు చూసేవాళ్లంతా చూసేస్తున్నారు. మా దాకా వచ్చేసరికి మిగిలేదెవరు? పోనీ మాకూ మొదటి రోజే ఇమ్మంటే, పంచాయతీ రేట్ల మీద నడిచే హాలుకి డిస్ట్రిబ్యూటరు ఎందుకు ఇస్తాడు, అదే జనం టౌన్‌కి వెళ్లి ఎక్కువ పెట్టి చూస్తుంటే? రెండో విడత హాళ్లు అనే జాతే అలా పోయింది. ఓటీటీ వచ్చింది ఆ తర్వాత.

తణుకు కుర్రాడు:

అన్నా, నాకు ఇరవై మూడేళ్లు. నేను చూసిన పాత హాలు అంటే విరిగిన కుర్చీ, తిరగని ఫ్యాను, మాట వినపడని సౌండు. మంచి సినిమా వస్తే రాజమండ్రి దాకా బండి మీద వెళ్తాం, టికెట్ ఎంతైనా పెడతాం. మీ హాలు వాళ్లు ఒక ఏసీ, కొత్త సౌండు పెట్టి ఉంటే మేమే వచ్చేవాళ్లం కదా. ఓటీటీ కాదు, ప్రింటూ కాదు, ఓనరు ఖర్చు పెట్టలేదు, అంతే.

ఉండి ఆడపడుచు:

మీ ఇద్దరి లెక్కల్లోనూ మేం లేము. నేను ఆ హాలుకి వచ్చినదాన్నే. మా అమ్మమ్మ గారిది ఆ పేటే.

ఊడ్పులు అయిపోయి కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు ఆడవాళ్లు గుంపుగా మ్యాట్నీకి వచ్చేవాళ్లు. కాళ్లకి ఇంకా చేలో మట్టి ఉండేది, బోరింగు దగ్గర కడుక్కుని లోపలికి వెళ్లేవాళ్లు. ఆడవాళ్ల బెంచీలకి, మగవాళ్ల బెంచీలకి మధ్యలో నడుమెత్తు గోడ, బుకింగ్ వేరు, లోపలికి దారీ వేరు. షో మొదలయ్యే ముందు ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట వేసేవాళ్లు. అది వినపడితే ఎక్కడున్నా పరుగే. అంతవరకూ యనమదుర్రు గట్టు గారు చెప్పినట్టు బాగానే ఉండేది.

ఇప్పుడు బాగాలేనిది చెప్తాను. మా అత్తయ్య సినిమాకి వెళ్లే రోజు పొద్దున్న కాఫీ తర్వాత మంచినీళ్లు ముట్టుకునేది కాదు. ఎందుకంటే హాల్లో ఆడవాళ్లకి ఉన్నదల్లా వెనక గోడ చాటున ఒక దడి, దానికి తలుపు లేదు, నీళ్లు లేవు, ఇంటర్వెల్‌లో అటు వెళ్తే గోడ మీద కూర్చునే కుర్రాళ్లు. మూడు గంటల సినిమా, రాను పోను మరో గంట, జూలై ఉక్కపోతలో నోరు ఎండబెట్టుకుని కూర్చునేది. నేను పెద్దదాన్నయ్యాక నన్ను తీసుకెళ్లడం మానేశారు, కారణం అదే, వేరే ఏం లేదు. సెకండ్ షోకి అయితే అసలు మాట లేదు, గట్టు మీద ఒక్క దీపం ఉండేది కాదు. ఇరవై ఏళ్లలో ఎంతమంది అడిగారో, ఒక తలుపు పెట్టించలేదు. మధ్యాహ్నం ఇంట్లో సీరియల్ ఉంటే, అక్కడ బాత్రూమ్ కూడా ఉంటే, ఎవరు వస్తారండి? ఆడవాళ్లు రాకపోతే పిల్లలు రారు, ఫ్యామిలీ రాదు. మీ డిజిటల్ రాకముందే మేం వెళ్లిపోయాం.

పాత లీజుదారు:

తాడేపల్లిగూడెం వైపు ఒక హాలు 2014 నుంచి 2021 వరకు లీజుకి నడిపి, చేతులు కాల్చుకుని వదిలేసినవాడిని. అమ్మాయి చెప్పింది నిజమే, సిగ్గుగా ఉంది చదువుతుంటే. కానీ తణుకు తమ్ముడు "ఓనరు ఖర్చు పెట్టలేదు" అని తేల్చేశాడు కాబట్టి రెండు మాటలు చెప్పాలి.

సినిమా బాగా ఆడే మొదటి వారాల్లో మాకు వచ్చేది అద్దె, అంటే కలెక్షన్ ఎంతున్నా ఒకే మొత్తం. కలెక్షన్ పడిపోయాక పర్సంటేజీ, అంటే కలెక్షన్‌లో వాటా అంటారు, అప్పుడు పర్సంటేజీలో ఏముంటుంది? 2025 మేలో మన గోదావరి జిల్లాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, ఎత్తిన గొడవ ఇదే, పెద్ద సినిమాలకీ పర్సంటేజీ ఇవ్వమని, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామనే దాకా వెళ్లింది. ప్రొజెక్టరు మనది కాదు, డిజిటల్ కంపెనీది, అగ్రిమెంటు మీద పెడతారు. హాలు నడపడానికి ఉండే బి ఫారం లైసెన్సు రెన్యువల్ చేయించాలంటే ఫైర్ వాళ్ల నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ కావాలి, కరెంటు వైరింగు సర్టిఫికెట్ కావాలి, బిల్డింగు గట్టిగా ఉందని ఇంజనీరు సంతకం కావాలి. నలభై ఏళ్ల రేకుల హాలుకి ఈ సంతకం కావాలంటే సగం హాలు కొత్తగా కట్టాలి. 2021 డిసెంబర్‌లో తనిఖీలకి వచ్చినప్పుడు కాగితాలు లేని హాళ్లకి సీళ్లు పడ్డాయి గుర్తుందా?

రేట్ల సంగతి. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీ ఏరియాలో ఏసీ లేని హాల్లో టికెట్లు 5, 10, 15 రూపాయలు. బయట టీ కూడా పదే. 2022 మార్చిలో మార్చారు కానీ, అప్పటికి లాక్‌డౌన్‌లో నెలల తరబడి మూసి తెరిచిన హాళ్లు ఎన్ని మిగిలాయి? మీ పేట హాలు టౌన్‌ని ఆనుకునే ఉన్నా పంచాయతీ హద్దులోదే కాబట్టి దానికీ ఈ రేట్లే పడి ఉంటాయి. ఆ డబ్బుతో ఏసీ పెట్టమంటే ఎలా తమ్ముడూ?

అమలాపురం నుంచి:

మా ఊరి హాలుకి ఇవేవీ కారణం కాదు. 1996 నవంబర్ 6 తుపానుకి రేకులన్నీ కొబ్బరి తోటల్లో తేలాయి. మళ్లీ కప్పు వేయలేదు. కొన్నాళ్లు నాలుగు గోడల మధ్య మేకలు మేశాయి. ప్రతి హాలుకీ ఒకే కారణం వెతక్కండి.

యనమదుర్రు గట్టు:

లీజుదారు గారూ, మీ లెక్కలు 2021వి. మా హాలు అప్పటికే ఆడీ ఆడనట్టు ఉంది. రేట్లు ఆఖరి దెబ్బ కావచ్చు, మొదటిది కాదు. అమలాపురం గారు అన్నట్టు అన్ని హాళ్లకీ నేను చెప్పడం లేదు, మా పేటది మాత్రమే.

ఉండి అక్కా, దడి సంగతి నాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు, మేం మగపిల్లలం దాన్ని పట్టించుకోలేదు, తప్పే. కానీ ఆడవాళ్లు డిజిటల్ రాకముందే వెళ్లిపోయారంటే మాత్రం నమ్మలేకపోతున్నాను. 2005, 2006ల్లో కూడా పండక్కి హౌస్‌ఫుల్ బోర్డు నేను కళ్లారా చూశాను.

ఆపరేటర్ గారబ్బాయి:

పండగ లెక్క కాదన్నయ్యా, మామూలు రోజుది చూడాలి. నా దగ్గర ఉంది.

మా నాన్న ఆ హాల్లో ఆపరేటరు, మొదట్నుంచీ. ప్రొజెక్టరులో వెలుగుకి కార్బన్ కడ్డీలు కాల్చే రోజుల్లో రెండు కడ్డీల కొసలు దగ్గర పెట్టి వెలిగించి, నల్లద్దంలోంచి చూస్తూ, అవి కాలేకొద్దీ చిన్న చక్రం తిప్పుతూ మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి. కాస్త అటూ ఇటూ అయితే తెర పచ్చబడిపోతుంది, కింద నుంచి ఈలలు. తెర కుడి పై మూలన చిన్న చుక్క పడగానే రెండో ప్రొజెక్టరు అందుకోవాలి, రెండు వేల అడుగుల ఫిల్ము స్పూలు 22 నిమిషాల్లో అయిపోతుంది, అంటే ఆయన ఏనాడూ ఒక సినిమా కూర్చుని చూడలేదు. మాకు మాత్రం కాలగా మిగిలిన కార్బన్ ముక్కలు, తెగిన ఫిల్ము ముక్కలు. మాడిన బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండని దాని మీదకి కొట్టి, ఫిల్ము ముక్క అడ్డం పెట్టి నాన్న పంచె మీద బొమ్మ వేసేవాళ్లం.

అసలు విషయానికి వస్తాను. హాలు ఖాళీ చేసేటప్పుడు డీసీఆర్ పుస్తకాలు, అదే రోజువారీ కలెక్షన్ రాసేవి, పారేస్తుంటే నాన్న సంచి నిండా తెచ్చుకున్నారు. ఆడవాళ్ల బుకింగ్ వేరు కాబట్టి వాళ్ల టికెట్ల సీరియల్ నంబర్లు కూడా వేరుగా రాసి ఉన్నాయి. నిన్న రాత్రి కూర్చుని చూశాను. 1997 జూలైలో ఒక శనివారం మ్యాట్నీ: మగవాళ్ల బెంచి 140, ఆడవాళ్ల బెంచి 164. 2007 జూలై, శనివారం మ్యాట్నీ: మగవాళ్లు 118, ఆడవాళ్లు 21. పక్క పేజీలు కూడా తిప్పాను, అటూ ఇటుగా అంతే ఉన్నాయి. డిజిటల్ పెట్టింది 2010లో. మగవాళ్లు తగ్గింది ఆ తర్వాతే, 2011 పుస్తకంలో బెంచి నలభై దాటలేదు. అంటే నీ మాట మగవాళ్ల వరకూ కరెక్టే. అక్క మాట అంతకన్నా ముందుది.

ఉండి ఆడపడుచు:

164లో మా అత్తయ్య, మా అమ్మ, నేను ఉండే ఉంటాం. ఆ పేజీ ఫోటో పెట్టగలవా తమ్ముడూ? అత్తయ్యకి చూపిస్తాను.

యనమదుర్రు గట్టు:

ఇది చదివాక అమ్మకి ఫోన్ చేశాను. హాలుకి వెళ్లడం ఎప్పుడు మానేశావని అడిగితే ఆలోచించకుండా చెప్పింది, చెల్లి కడుపులో ఉన్నప్పుడు, 2002లో. ఇంటర్వెల్‌లో ఆ దడి దగ్గర కాలు జారిందట, పక్కావిడ పట్టుకుందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్తే సినిమాలే మాన్పిస్తారని. తర్వాత తనే మానేసింది. నేను 2005లో, 2006లో హాల్లో ఉన్నాను, అమ్మ పక్కన లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడూ ఎవరో అడిగితే గానీ తట్టలేదు.

"మనకి వస్తుందిలే" అనేదానివి కదమ్మా, అన్నాను. టౌన్‌కి తీసుకెళ్లమంటే మీ నాన్న కసురుకునేవారు, మీరు ఏడవకుండా అలా అనేదాన్ని, అంది.

ప్రింటు గురించి నేను రాసింది వెనక్కి తీసుకోను, 2011 పుస్తకం అదే చెప్తోంది. కానీ అది రెండో కారణం, మొదటిది కాదు. పైన రాసింది చెరపను, ఇది దాని కింద ఉంచుతున్నాను.

తమ్ముడూ, ఆ సంచి పాత పేపర్లవాడికి వేయకండి. 1998 నుంచి 2006 దాకా ఆడవాళ్ల సీరియల్ నంబర్లన్నీ వరసగా రాసి ఇక్కడ పెడదాం. ఆదివారం పొద్దున్న వస్తాను, నాన్నగారికి వీలవుతుందేమో అడుగు.