రైతుల ఆధార్, బ్యాంకు వివరాల ఎన్‌క్రిప్షన్ కీ: ముక్కలు ఎవరెవరి దగ్గర ఉండాలి?

భీమవరం_కోడ్:

నమస్కారమండి. భీమవరంలో రొయ్యల మేత డీలర్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తున్నాం. సుమారు నాలుగు వేల మంది చెరువు రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. ఆ కాలమ్‌లను ఏఈఎస్-256 పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేశాం, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చాం. కీ మాత్రం అదే సర్వర్‌లో ఒక ఫైలులో ఉంది. రోజువారీ బ్యాకప్‌లో డేటాతో పాటు అదీ వెళ్ళిపోతోంది. ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తి కీ ఉండకూడదని యజమాని పట్టుదల. 64 అక్షరాల హెక్స్ కీని సగానికి కోసి, ఆయన దగ్గర 32, అకౌంటెంట్ గారి దగ్గర 32 పెడితే సరిపోతుందా? ఆధార్ నంబరుతో రైతును వెతకడానికి పక్కనే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (నంబరు నుంచి లెక్కకట్టే, వెనక్కి తిప్పలేని గుర్తు) కాలమ్ కూడా ఉంది. అది పర్లేదా?

గట్టుమీద:

కోయొద్దండి. సగం చేతికొచ్చినవాడు ఊహించాల్సింది 256 బిట్ల నుంచి 128కి పడిపోతుంది. అది ఇంకా పెద్ద సంఖ్యే, కాదనను. కానీ ఇద్దరిలో ఒకరి కాగితం పోయిందంటే నాలుగు వేల మంది వివరాలూ పోయినట్టే.

ఇలాంటి పనికే 1979లో ఆది షమీర్ ఒక పద్ధతి చూపించారు. కీని ఒక వక్రం నిలువు అక్షాన్ని తాకే చోట దాస్తారు. ఆ వక్రం మీద ఐదు బిందువులు తీసి ఐదుగురికి ఇస్తారు. వర్గ సమీకరణం వక్రమైతే మూడు బిందువులు చాలు, ఏ ముగ్గురు కలిసినా కీ దొరుకుతుంది. ఇద్దరే కలిస్తే ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా ఏమీ తేలదు. ఆ రెండు బిందువుల గుండా పోయే వక్రం ప్రతి కీకీ ఒకటి ఉంటుంది మరి.

ముక్కలు చేయాల్సింది డేటాను ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా కీని కాదు, ఆ కీని ఎన్‌క్రిప్ట్ చేసే ఇంకో కీని, అంటే మాస్టర్ కీని. నెట్ లేని ల్యాప్‌టాప్‌ను యూఎస్‌బీ లినక్స్‌తో బూట్ చేసి, అక్కడే 32 బైట్ల యాదృచ్ఛిక కీ తీయండి. ఐదు ముక్కలు, అందులో మూడు చాలు అన్న లెక్కన విడగొట్టండి. ముక్కలు పంచేముందే మూడేసి చొప్పున కలిపి చూడండి, మొత్తం 10 కలయికలు వస్తాయి. పదీ పరీక్షించాలి. సాదా షమీర్‌లో ఒక అక్షరం తప్పుపడినా ఎర్రర్ రాదు, ఏదో ఒక తప్పు కీ నిశ్శబ్దంగా బయటికొస్తుంది. అందుకే మాస్టర్ కీ హ్యాష్‌లోని మొదటి ఎనిమిది అక్షరాలు ప్రతి కాగితం మీదా రాయండి. లేదా షమీర్ ముక్కల్ని మాటలుగా రాసే స్లిప్-39 అనే ప్రమాణం వాడండి. అందులో 256 బిట్ల కీకి ఒక్కో ముక్క 33 ఇంగ్లీషు మాటలు, తప్పు పట్టే చెక్‌సమ్ వాటిలోనే ఉంటుంది. చేత్తో రాసుకోవచ్చు కనుక ఆఫీసు నెట్‌వర్క్ ప్రింటర్ జోలికి పోనక్కర్లేదు.

లంకదారి:

ముక్కలు ఎక్కడ పెట్టాలో గోదావరిని చూసి నిర్ణయించుకోండి. మూడూ భీమవరంలోనే ఉంటే ఒక్క దొంగతనంతో కీ పోతుంది. అలాగని ఒకటి సఖినేటిపల్లిలో ఉందనుకోండి, వరదొస్తే నరసాపురం పంటు (గోదావరి దాటించే పడవ) ఆగిపోతుంది, ఆ కాగితం చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. భీమవరంలో రెండు, ఏలూరు, రాజమండ్రి, హైదరాబాద్‌లలో ఒక్కొక్కటి నా ఓటు. కింది అంతస్తు లాకర్ వద్దు. థర్మల్ కాగితం మీద అక్షరాలు వెలిసిపోతాయి, ఇంక్‌జెట్ సిరా మన ఉప్పు గాలి తేమకి అలుక్కుపోతుంది. మామూలు పెన్సిల్‌తో మందపాటి కాగితం మీద రాసి రెండు జిప్ కవర్లలో పెట్టడం మేలు.

భీమవరం_కోడ్:

చాలా ఉపయోగం అండి. కరెంటు పోయి సర్వర్ రీస్టార్ట్ అయితే ప్రతిసారీ ముగ్గురినీ పిలవాలా?

గట్టుమీద:

కీలను దాచి కాపలా కాసే హషికార్ప్ వాల్ట్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే, మామూలు అమరికలో అవునండి. డిఫాల్ట్‌గా ఐదు ముక్కలు, మూడు కావాలి. రీస్టార్ట్ కాగానే అది సీల్ అయిపోతుంది, మూడు ముక్కలు ఇచ్చేదాకా తెరుచుకోదు. క్లౌడ్ కేఎంఎస్ (క్లౌడ్ కంపెనీ కీలు దాచిపెట్టే సేవ)తో ఆటో-అన్‌సీల్ పెడితే దానంతటదే తెరుచుకుంటుంది. కానీ అప్పుడు మీ చేతుల్లో ఉండేవి రికవరీ కీలు. కేఎంఎస్ కీ డిలీట్ అయిపోతే ఆ ఐదు కాగితాలూ కలిపినా వాల్ట్ తెరుచుకోదు. ఇది చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. ఆ కీని డిలీట్ చేసే అనుమతి ఎవరికీ లేకుండా చూడండి.

ఎవరైనా ఉద్యోగం మానేస్తే మళ్ళీ ముక్కలు చేసి కొత్తవి పంచండి. పాత ముక్కలు పని చేయకుండా పోవు, పాతవి మూడు కలిస్తే అదే కీ వస్తుంది. కాబట్టి మిగతా నలుగురి పాత కాగితాలు చించేయాలి. అనుమానం ఉంటే మాస్టర్ కీనే మార్చండి. అప్పుడు డేటా కీని మాత్రం మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేస్తే చాలు, నాలుగు వేల వరసలూ ముట్టుకోనక్కర్లేదు.

ఇంకొకటి. ముక్కలు కాపాడేది బ్యాకప్‌ని, ఆగి ఉన్న సర్వర్‌ని. నడుస్తున్న యాప్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (ఫారంలో డేటాబేస్ ఆదేశాలు దూర్చి డేటా లాగే లోపం) ఉంటే కీ అప్పటికే మెమరీలో ఉంటుంది, యాప్ తనే డీక్రిప్ట్ చేసి ఇచ్చేస్తుంది.

తాళపత్రం:

హ్యాష్ కాలమ్ గురించి ఎవరూ చెప్పలేదు. అది తీసేయండి. ఆధార్ 12 అంకెలు, మొదటిది 0, 1 కాదు, చివరిది చెక్ అంకె. మిగిలేవి 8 వేల కోట్ల అవకాశాలు. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటుంటే అన్నిటికీ హ్యాష్ తీసి పోల్చి నంబరు కనుక్కోవడానికి నిమిషం కూడా పట్టదు. వెతకడానికి హెచ్‌మ్యాక్ (రహస్య కీ కలిపి తీసే హ్యాష్) వాడండి, దానికి వేరే కీ.

మేత డీలరుకి పూర్తి ఆధార్ ఎందుకో యజమానిని అడగండి. దాచే సంస్థలు దాన్ని విడిగా ఆధార్ డేటా వాల్ట్‌లో, కీలు హెచ్‌ఎస్‌ఎం (కీలను బయటికి రానివ్వని ప్రత్యేక పరికరం)లో పెట్టాలని ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ 2017లోనే చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత లేక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల వరకు. చివరి నాలుగు అంకెలతో పని జరిగితే మిగతావి ఉంచొద్దు.

ఇప్పటిదాకా తీసిన బ్యాకప్‌లలో కీ, డేటా పక్కపక్కనే ఉన్నాయి కదండీ. ఆ కీ బయటపడినట్టే లెక్క. దాన్ని ముక్కలు చేసి లాభం లేదు. కొత్త డేటా కీతో అన్ని వరసలూ తిరిగి ఎన్‌క్రిప్ట్ చేసి, పెన్ డ్రైవుల్లో, పాత ల్యాప్‌టాప్‌లలో ఉన్నవాటితో సహా పాత బ్యాకప్‌లన్నీ చెరిపేశాకే ఐదు కాగితాలు రాయడం మొదలుపెట్టండి.