ముఖం గీయకుండా బాధ చూపించగలమా?

బొగ్గుపుల్ల (హన్మకొండ):
నిన్న డ్రాయింగ్ క్లాసులో గొడవైంది. 30 సెకన్లకో భంగిమ మారుస్తూ గీయించారు. నేను కళ్లు, మూతి పెడితే సార్ తుడిపించారు. బాధైనా సంతోషమైనా ఒంటి తీరులోనే తెలియాలట. ముఖం లేని బొమ్మ ఎవరికి ఏం చెప్తుంది?

నల్లరాయి:
మీ సార్ చెప్పింది కరెక్టే తమ్మీ. ఒకసారి పాలంపేట పోయి రామప్ప గుడి చూరు కింద ఉన్న మదనికల్ని, అదే ఒళ్లు వంచి నిలబడ్డ ఆడవాళ్ల రాతి బొమ్మల్ని, చూడు. 1213 నాటి గుడి. కింద నిలబడి తలెత్తితే ముందు కంటికి తగిలేది నడుము వంపే, ముఖం తర్వాత. బరువంతా ఒక కాలి మీద వేస్తే ఆ వైపు తుంటి లేస్తుంది, అదే వైపు భుజం దిగుతుంది. గొంతు గుంట నుంచి దారం వేలాడదీస్తే ఆ కాలి మడమ దగ్గర పడుతుంది. ముందు ఇది పట్టుకో. ముక్కూ మూతీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

సగంగీత:
అన్నా, అక్కడ ఎత్తు మడమల చెప్పులేసుకున్న బొమ్మ ఒకటుంది కదా. మడమ లేస్తే నడుము తీరే మారుతుంది. మరి దారం లెక్క?

నల్లరాయి:
మారేది నడుము వంపు. దారం లెక్క మారదు.

సగంగీత:
మారుతుంది. మా చెల్లెను హీల్స్ వేయించి నిలబెట్టి చూసిన.

పటంకథ (చేర్యాల):
బట్ట మీద కథ గీసే మా నకాశీ పటాల్లో ఎర్రటి రంగు మీద ఇంతింత కళ్లు గీస్తారు. కథ చెప్తుంటే వెనక కూర్చున్నోళ్లకు కూడా కనపడాలె కదా. ముఖం వద్దంటే ఎట్ల?

నల్లరాయి:
వద్దనలేదు, తర్వాత అన్నా. ఆ పటాల్లోనైనా చేతులు మూసి చూడండి, కథ సగం పోతుంది.

గోరింట (జగిత్యాల):
నాదొక సంగతి చెప్తా. బీడీలు చుడుతున్న మా అమ్మను బొగ్గుతో గీసిన. ఒళ్లో చాట, వంగిన మెడ, ముఖం నీడలో. నాకు నేర్పిన సార్ దానికి 'దుఃఖం' అని పేరు పెట్టి ప్రదర్శనలో వేలాడదీశారు. అమ్మ వచ్చి చూసి, "నేనెప్పుడు ఏడ్చిన బిడ్డా?" అని అడిగింది. ఏం చెప్పాలె?

నల్లరాయి:
అక్కా, పేరు సార్ పెట్టిండు, గీత తప్పు కాదు. వంగిన మెడ చూస్తే ఎవరికైనా బాధే తోస్తుంది.

గోరింట:
ఎవరికైనా కాదు, మీకు! మెడ వంగింది చాట ఒళ్లో ఉంది కాబట్టి. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలంటే తల పైకెత్తి చేస్తారా? ఆ రోజు పక్కింటి వాళ్లతో సీరియల్ ముచ్చట పెడుతూ పడిపడి నవ్వింది మా అమ్మ. మీరు రామప్పలో నడుము వంగితే నాట్యమంటారు. మా వాడకట్టులో వెన్ను వంగితే ఏడుపంటారు.

నల్లరాయి:
నా మీద పడతావేంది? 20 ఏళ్లుగా గీస్తున్న. మా నాయిన కూడా హమాలీనే. మూట దించినంక నడుం పట్టుకొని కూలబడే మనిషిని రోజూ చూసిన. అది బాధ కాదా?

గోరింట:
అది నొప్పి అన్నా. మీరు దించినంక చూసిన్రు. మూట మోసేటప్పుడు ఆయన పాట పాడలేదా?

నల్లరాయి:
…పాడేవాడు.

బొగ్గుపుల్ల:
అక్కా, మరి మీ అమ్మ నవ్వుతున్నట్టు ఒంటిలో ఎక్కడ కనపడుతుంది? ముఖం వద్దంటే ఎట్ల గీయాలె?

గోరింట:
కాలి బొటనవేలు. సీరియల్ పాట రాగానే ఆడిస్తది. నేను కూడా గీయలే. చాట చాటున పోయింది.