జీడిపప్పు గ్రేడింగ్ మెషీన్ ఐడియా: జడ్జీలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేం శ్రీకాకుళంలో బీటెక్ మూడో సంవత్సరం, నలుగురం. పలాసలో పప్పు చేత్తో ఏరడం చూశాక, కెమెరాతో సైజు, రంగు చూసి వేరుచేసే చిన్న మెషీన్ చేస్తున్నాం. హ్యాకథాన్‌లో (కొత్త ఐడియాలు చేసి చూపించే పోటీ) ఐదు నిమిషాలే ఇస్తారట, ఏం చెప్పాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: తమ్ముడూ, కోడ్‌తో మొదలుపెట్టకండి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 320 అనే గ్రేడ్లంటే పౌండు (సుమారు 454 గ్రాముల) బరువుకి సుమారు అన్ని గుండు పప్పులని, గుండుకీ బద్దకీ ధరలో తేడా ఉంటుందని, ఆ తేడాలోనే మీ మెషీన్ డబ్బు మిగులుస్తుందని ముందే చెప్పేయండి. పెద్ద ఫ్యాక్టరీల్లో కలర్ సార్టర్లు (రంగు చూసి వేరుచేసే మెషీన్లు) ఇప్పటికే ఉన్నాయి, మరి మీదెందుకని జడ్జీలు అడుగుతారు. చిన్న యూనిట్‌కి అందే ధరలో చేస్తామన్నదే మీ బలం.

జవాబు 2: మీ మెషీన్ వీడియో ఆన్‌లైన్‌లో పెట్టేముందు ప్రొవిజనల్ పేటెంట్ (పేటెంట్ కోసం ముందుగా పెట్టే తాత్కాలిక దరఖాస్తు) వేయండి, పూర్తి వివరాలకు 12 నెలలు టైం ఉంటుంది. కాలేజీ పేరు మీద వేస్తే ఫీజులో 80 శాతం తగ్గింపు.

జవాబు 3: పప్పు ఏరే ఆడవాళ్లని అడిగారా? వాళ్ల కూలీ పోయే మెషీనైతే నేను ఒప్పుకోను.

ప్రశ్న వేసినవారు: అడగలేదక్కా. ఆదివారం పలాస వెళ్తున్నాం.