మోనోనైట్రేట్ 1-0-1 అని రాసిన చీటీలు: మందు ఎందుకు పట్టడం మానేస్తుంది?

మందులచీటీ:
గుండె రక్తనాళాల జబ్బుతో వచ్చే ఛాతీ నొప్పికి వాడే నైట్రేట్ మందు ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 20 మి.గ్రా. మామూలు మాత్రకు (మందును నెమ్మదిగా వదిలే ఎస్‌ఆర్ కాదు) చీటీలో 1-0-1 (ఉదయం-మధ్యాహ్నం-రాత్రి) అని ఉంటుంది. పేషెంటు ఉదయం 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి వేసుకుంటాడు. మొదట్లో తలనొప్పి వస్తుంది, ఛాతీ నొప్పీ తగ్గుతుంది. కొన్నాళ్లకు తలనొప్పి పోతుంది, మెట్లెక్కితే ఛాతీ నొప్పి మాత్రం మళ్లీ మొదలు. మాత్ర 40కి పెంచినా అదే తంతు. మీ దగ్గర ఎలా సరిచేస్తున్నారు? నొప్పి రాత్రిపూటే వచ్చేవాళ్ల సంగతేంటి?

కౌంటర్_ఫార్మసిస్ట్:
ఆ చీటీ 1-1-0 కావాలి. ఉదయం 8కి ఒకటి, మధ్యాహ్నం 3కి ఒకటి, అంటే 7 గంటల ఎడం. ఆరింటికే లేచేవాళ్లయితే 6కి, 1కి. మోనోనైట్రేట్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అందుకే 12 గంటలకొకటి వేస్తే రక్తంలో అది ఏ పూటా పూర్తిగా దిగదు. 3 గంటల మాత్రే చివరిదైతే తెల్లారేసరికి బాగా దిగి, ఉదయం మాత్ర మళ్లీ పనిచేస్తుంది.

దీని తోటి మందు ఐసోసార్బైడ్ డైనైట్రేట్ (సార్బిట్రేట్ 10) మూడు పూటలైతే 8, 1, 6. చివరిదాన్ని రాత్రి 10కి జరపకూడదు. ఎస్‌ఆర్ 30 గానీ 60 గానీ ఉదయం ఒక్కసారే. దాన్ని నమలొద్దు, పొడి చేయొద్దు, గీత ఉంటే సగానికి విరవచ్చు. ఎస్‌ఆర్‌ను రెండు పూటలా వేస్తే మందు తగలని విరామం అనేదే ఉండదు, తరచుగా కనిపించే పొరపాటు ఇదే. చీటీ రాసిన డాక్టరుకు ఫోన్ చేసి మార్పించండి. కౌంటర్ దగ్గరే మార్చేయకండి.

ఐసీయూ_డ్యూటీ:
డ్రిప్‌లో ఇది ఇంకా త్వరగా కనిపిస్తుంది. నైట్రోగ్లిసరిన్ (ఇదీ నైట్రేటే) ఎడతెరిపి లేకుండా ఎక్కిస్తే 24 గంటల్లోనే ప్రభావం మందగిస్తుంది. అందుకే రేటు పెంచుతూ పోవాల్సి వస్తుంది. చర్మానికి అంటించే నైట్రోగ్లిసరిన్ ప్యాచ్ కూడా అంతే, రోజంతా ఉంచితే పెద్ద సైజు వేసినా లాభం లేదు.

కారణం ఒక్కటే కాదు. నైట్రోగ్లిసరిన్‌ను రక్తనాళం గోడలో పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైము ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్-2 అని 2002లో తేలింది. మందు ఆపకుండా తగులుతుంటే ఆ ఎంజైమే ఆక్సీకరణ చెంది మూలపడుతుంది. మోనోనైట్రేట్‌కు ఈ ఎంజైముతో పనిలేదు, అయినా దానికీ టాలరెన్స్ (ఒళ్లు అలవాటుపడి మందు పట్టకపోవడం) వస్తుంది. ఎందుకంటే గోడలో పెరిగిన సూపరాక్సైడ్ (ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర పదార్థం), మందు నుంచి పుట్టి రక్తనాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టినట్టే తినేస్తుంది. పైగా ఒళ్లు ఉప్పునీటిని పట్టి ఉంచుకుంటుంది. డోసు పెంచితే ఇవన్నీ ముదురుతాయే గానీ తగ్గవు.

నైట్రోగ్లిసరిన్‌తో డైనమైట్ చేసే ఫ్యాక్టరీల సంగతి గుర్తుందా? కార్మికులకు సోమవారం తలనొప్పి, వారం గడిచేకొద్దీ మాయం, ఆదివారం సెలవు తర్వాత మళ్లీ మొదలు. కొందరికి సెలవు రోజుల్లోనే ఛాతీ నొప్పి వచ్చేది.

ప్యాచ్_వాడకం:
ఆ సెలవురోజు నొప్పే మన విరామానికీ చిక్కు. ప్యాచ్ తీసిన గంటల్లో నొప్పి తిరగబెట్టవచ్చు. అందుకే నైట్రేట్ ఒక్కటే మందుగా ఉండకూడదు. బీటా బ్లాకరో, అది పడనివాళ్లకు కాల్షియం చానల్ బ్లాకరో (ఛాతీ నొప్పికి వాడే వేరే రకం మందులు) ఆ ఖాళీని కాయాలి. టాలరెన్స్ బెడద లేని రనోలజీన్ లాంటివీ ఉన్నాయి.

నొప్పి రాత్రిపూటే వచ్చేవాళ్లకు వరస తిప్పుతారు: పడుకునే ముందు ప్యాచ్ అంటించి, పొద్దున్నే తీసేయడం. పగటికి రెండో మందు. ఏ పూటైనా ప్యాచ్ 12 నుంచి 14 గంటలు, మిగతాది ఖాళీ. తీశాక చర్మాన్ని తుడవండి, మర్నాడు వేరే చోట అంటించండి. వాడిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా పారేయండి.

కార్డియో_పీజీ:
తలనొప్పి పోయిందంటే మందూ పోయిందని తేల్చేయకండి. తలనొప్పి అలవాటై, గుండె మీద పని మిగిలి ఉండొచ్చు. చూడాల్సింది ఎన్ని మెట్లకు నొప్పి వస్తోంది, వారానికి నాలుక కింద మాత్రలు ఎన్ని పడుతున్నాయి అన్నది.

నాలుక కింది మాత్ర పనిచేయడం లేదంటే ముందు సీసా చూడండి. నైట్రోగ్లిసరిన్ 0.5 మి.గ్రా. మాత్రను ప్లాస్టిక్ డబ్బాలోకి మారిస్తే మందు ఆవిరై పోతుంది, కొంత ప్లాస్టిక్కే పీల్చుకుంటుంది. దాని గాజు సీసాలోనే, దూది లేకుండా, మూత గట్టిగా బిగించి ఉంచాలి. తెరిచిన 8 వారాలకు కొత్తది. మన ఎండల్లో చొక్కా జేబులో పెట్టుకు తిరిగితే అన్నాళ్లూ ఆగదు. నోరు ఎండిపోయి ఉంటే ఓ గుక్క నీళ్లతో తడిపి పెట్టుకోవాలి, కూర్చుని.

కూర్చున్నా నొప్పి వస్తుంటే, రోజురోజుకీ పెరుగుతుంటే దానికి టాలరెన్స్ అని పేరు పెట్టి ఇంట్లో ఉండిపోవద్దు. నాలుక కింద మాత్ర వేసిన 5 నిమిషాలకూ తగ్గకపోతే 108కి ఫోన్.

మందులచీటీ:
అర్థమైంది. ఇంకొక్కటి. రాత్రి విరామం ఉంది కదా, అప్పుడు సిల్డెనఫిల్ (అంగస్తంభన మాత్ర, వయాగ్రా) వేసుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు.

కార్డియో_పీజీ:
కూడదు. ఆ ఖాళీ టాలరెన్స్ రాకుండా చూడటానికే. బీపీ ప్రమాదంగా పడిపోకుండా ఉండటానికి అది చాలదు. సిల్డెనఫిల్ వేసుకున్న 24 గంటలు, అదే కోవ మందు టాడలఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ తగలకూడదు. రోజూ నైట్రేట్ వాడేవాళ్లకు అంత ఖాళీ ఎక్కడుంది? అలాగని ఆ మాత్ర కోసం నైట్రేట్‌ను సొంతంగా ఆపేయడమూ ప్రమాదమే. ఇది మొహమాటపడి అడగని ప్రశ్న, మనమే అడిగి చెప్పాలి.