తూటా బలం: అడుగు-పౌండ్లలోనా, టేలర్ లెక్కలోనా?

నల్గొండ_నిశానా: తాతగారి పాత నోటుపుస్తకంలో .375 హెచ్ అండ్ హెచ్ అనే రైఫిల్ తూటాలో గుండు 300 గ్రెయిన్లు (7,000 గ్రెయిన్లు ఒక పౌండు), వేగం సెకనుకు 2,530 అడుగులు అని రాసి ఉంది. గతిజశక్తి కడితే 4,260 అడుగు-పౌండ్లు వచ్చింది. .30-06 అనే మరో రైఫిల్ తూటాలో 180 గ్రెయిన్ల గుండు 2,700 అడుగుల వేగంతో పోతే 2,910. తేడా ఒకటిన్నర రెట్లే. గుండు దెబ్బ బలానికి వేటగాడు జాన్ టేలర్ పెట్టిన లెక్కలో మాత్రం 41, 21. పెద్ద జంతువు విషయంలో ఏది నమ్మాలి? సెక్షనల్ డెన్సిటీ (గుండు లావుకు తగ్గ బరువు) గురించి కూడా చెప్పండి.

పాలమూరు_మాస్టారు: టేలర్ అంకెకు ప్రమాణమే లేదు. ప్రమాణం రాయని పిల్లలకు నేను ముప్పై ఏళ్లు మార్కులు కోశాను. బరువును, వేగాన్ని, వ్యాసాన్ని గుణించి 7,000తో భాగించడం భౌతికశాస్త్రమా? క్రికెట్ బంతి బరువు 2,400 గ్రెయిన్లు, వ్యాసం 2.8 అంగుళాలు. గంటకు 145 కిలోమీటర్లతో వేస్తే టేలర్ లెక్కలో 127! ఇక ఏనుగు ముందు బంతి పట్టుకుని నిలబడండి.

అచ్చంపేట_గురి: టేలర్ ఆఫ్రికాలో ఏనుగుల ఎదుట నిలబడ్డ మనిషి, నల్లబల్ల ముందు కాదు. తలకు కొట్టిన గుండు మెదడుకు కాస్త పక్కగా పోతే జంతువు ఎంతసేపు స్పృహ తప్పుతుందన్నదే ఆ లెక్క. అదీ విచ్చుకోని గట్టి గుండ్లకు మాత్రమే. మీరు బంతిని దూర్చారు.

పాలమూరు_మాస్టారు: దూర్చింది నేను కాదు, సూత్రమే దూరనిచ్చింది. ఏనుగుల వేటగాడు బెల్ వెయ్యికి పైగా ఏనుగులను కూల్చాడంటారు, వాటిలో ఎక్కువ 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తోనే. ఆ రైఫిల్ టేలర్ అంకె 16 దగ్గర. ఇప్పుడేమంటారు?

అచ్చంపేట_గురి: బెల్ గురి బెల్‌ది. అందరూ బెల్ కాదు, మాస్టారూ. పదేళ్లుగా పోటీల్లో పాల్గొంటున్నాను, నాకు తెలియదా?

కొల్లాపూర్_కాపు: అవి చిన్న .22 రైఫిల్‌తో కాగితంపై కొట్టే పోటీలు కదా అన్నా? కాగితం ఎదురు తిరగదు.

అచ్చంపేట_గురి: నా పతకాలు చూసి మాట్లాడు, తమ్ముడూ.

దేవరకొండ_వేరుశనగ: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేట లేదు, మీకు ఏనుగూ లేదు. నాకు మాత్రం పందులు ఉన్నాయి. రెండెకరాల కాయ తవ్వేశాయి. చేను చుట్టూ ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ కట్టాను. మూడు రాత్రులు భయపడ్డాయి, నాలుగో రాత్రి చీర కింద నుంచే వచ్చాయి.

కొల్లాపూర్_కాపు: ఏ రంగు చీరలు? మా దగ్గర ఎరుపు కట్టినా అంతే. సోలార్ కంచె వేశాక కాస్త నయం.

పాలమూరు_మాస్టారు: పందికి ఎరుపు సరిగా కనబడదు. అది వేరే పాఠం.

నల్గొండ_నిశానా: సెక్షనల్ డెన్సిటీ అడిగాను సార్.

పాలమూరు_మాస్టారు: గుండు బరువును పౌండ్లలోకి మార్చి, అంగుళాల్లో వ్యాసం వర్గంతో భాగించు. నీ .375కు 0.305. లోపలికి ఎంత దిగుతుందో దానితో కొంత తెలుస్తుంది, మిగతాది గుండు విచ్చుకునే తీరును బట్టి. బంతికి కూడా కట్టి చూడు.

అచ్చంపేట_గురి: మళ్ళీ బంతా!

దేవరకొండ_వేరుశనగ: కాపు అన్నా, ఆ సోలార్ కంచెకు ఎకరానికి ఎంతైంది?