రోళ్లపాడులో బట్టమేక పిట్ట లేదు: అభయారణ్యం ఎక్కడ విఫలమైంది?

ప్రశ్న (నంద్యాల నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

గత డిసెంబరులో పదో తరగతి పిల్లలను రోళ్లపాడు అభయారణ్యానికి తీసుకువెళ్లాను. కృష్ణజింకలు గుంపులుగా మేస్తున్నాయి. పొద్దు వాలుతుండగా పిల్లిగద్దలు ఒక్కొక్కటే వచ్చి రాత్రి బసకు గడ్డిలోకి దిగడం పిల్లలు కళ్లార్పకుండా చూశారు. అయితే ఏ పక్షి కోసం 1988లో ఆ నేలను అభయారణ్యంగా ప్రకటించారో ఆ బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మాత్రం ఇప్పుడు అక్కడ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో దానికి చోటుంది, అటవీ శాఖ కాపలా ఉంది. ‘మరి ఇన్నేళ్లూ దేన్ని కాపాడారు టీచర్?’ అని ఒక అమ్మాయి అడిగితే నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. 2030 నాటికి భూమిలోనూ సముద్రంలోనూ 30 శాతాన్ని సంరక్షించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. ఉన్న రక్షిత ప్రాంతాలే ఇలా ఉంటే, విస్తీర్ణం పెంచడం వల్ల ఒరిగేదేమిటో తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు (పచ్చిక మైదానాలపై పనిచేసిన పరిశోధకుడు)

అమ్మా, ఆ అమ్మాయి అడగవలసిన ప్రశ్నే అడిగింది. రోళ్లపాడు విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన. బట్టమేక పిట్ట మగది పదిహేను కిలోల వరకు తూగుతుంది. గూడు కట్టదు, ఆడపక్షి ఉత్త నేల మీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, అది కుక్క పాలైనా పశువు కాలికింద పడినా ఆ ఏటి సంతానం పోయినట్టే. మగపక్షి ఏటా వానాకాలంలో మెడ కింది సంచిని ఉబ్బించి ఆడపక్షులను పిలిచే బయలును కాపాడటానికి ఆ 614 హెక్టార్లు పనికివచ్చాయి. కానీ పిల్లల్ని వెంటేసుకుని తిరగడానికి, మిడతలనూ పురుగులనూ ఏరుకు తినడానికి పక్షి ఆధారపడింది చుట్టూ ఉన్న జొన్న, కొర్ర, వేరుశనగ చేల మీద, వాటి మధ్యనున్న బీళ్ల మీద.

ఆ మెట్ట పొలాలకు నీళ్లు వచ్చాయి. రైతుకు అది మేలే, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే నీటితోపాటు పత్తి వంటి పంటలూ, వాటి వెంట పురుగుమందులూ వచ్చాయి, బీడు కరిగిపోయింది. మరోపక్క రక్షణలో కృష్ణజింకలు పెరిగి రాత్రిళ్లు చేలలో పడి మేయడంతో, నష్టపోయిన రైతుకు అభయారణ్యం అంటేనే కంటగింపైంది. కాబట్టి చట్టం జింకను కాపాడగలిగింది, పక్షిని కాపాడలేకపోయింది. ఎందుకంటే పక్షి బతుకు హద్దురాయి దాటి ఉంది.

విస్తీర్ణం పెంచితే చాలునా అన్నారు. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో ఇదే పక్షి కోసం 1981లో ఏకంగా 202 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. అందులో ఎక్కువ భాగం రైతుల సొంత భూమే. భూముల అమ్మకాలపై ఆంక్షలు రావడంతో జనం పక్షిని తమ కష్టాలకు మూలంగా చూశారు, పుష్కర కాలం తిరిగేసరికి అక్కడా అది కనుమరుగైంది. నేడు మిగిలినవి రమారమి 150 లోపే, అవీ ఎక్కువగా జైసల్మేరు ప్రాంతంలోనే. అక్కడా ఎడారి జాతీయ పార్కు హద్దు దాటి ఎగిరినప్పుడు విద్యుత్ తీగలకు తగిలి చనిపోతున్నాయి.

రెండో జవాబు (కడప)

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ అభయారణ్యం హోదా వృథా అన్న అర్థం అందులో ఎవరైనా చదువుకుంటే అది అన్యాయం. 1900 తరువాత ఎవరికీ కనిపించని కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్) అనే పక్షిని 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, ఐతన్న అనే స్థానిక వేటగాడి సాయంతో మా జిల్లాలోనే కనుగొన్నారు. ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసం మీదికి వచ్చినప్పుడు, అడ్డుపడటానికీ కాలువ దారి మళ్లించడానికీ ఆ పక్షి పేరూ ఆ హోదా బలమే ఆధారమయ్యాయి.

అయితే ఒక మెలిక ఉంది. రాత్రిపూట మాత్రమే తిరిగే ఈ పక్షి జాడ కోసం పరిశోధకులు పొదల మధ్య సన్న మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి వాటిపై పడిన కాలిగుర్తులు చూసేవారు. మరీ చిక్కని పొదల్లోనూ, పూర్తిగా నరికేసిన చోట్లలోనూ కాకుండా, పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల మిగిలిన మధ్యస్థపు చిట్టడవిలోనే గుర్తులు ఎక్కువగా దొరికాయి. అలాంటి అడవిని నిలిపి ఉంచేది మేకల మేత, వంటచెరకు కొట్టడం. అవి మితంగా ఉన్నంతవరకే. అందుచేత గేటు మూసి మనుషులందరినీ బయటకు పంపడం కలివి కోడికి మేలు చేయదని నా అభిప్రాయం.

మూడో జవాబు (సూళ్లూరుపేట)

నేలపట్టు చెరువును 1976లో అభయారణ్యం చేశారు. అక్కడి కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) నేటికీ పిల్లల్ని పెడుతున్నాయి, కానీ ఆ పిల్లలకు చేపలు వచ్చేది పులికాట్ నుంచి. రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువులా పనిచేస్తుందని ఊళ్లో రైతులకు తెలుసు, అందుకే పిట్ట జోలికి ఎవరినీ పోనివ్వరు. రోళ్లపాడు రైతుకు జింక వల్ల నష్టమే తప్ప ఇలాంటి లాభం ఏదీ కనబడలేదు కదా, తేడా అక్కడే ఉందనిపిస్తోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. హద్దు లోపలి నేలనే చూసి వచ్చామని ఇప్పుడు అర్థమైంది. సంక్రాంతి సెలవుల తరువాత పిల్లలు అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి, అరవై దాటిన గొర్రెల కాపరులను కలుస్తారు. నీళ్లు రాకముందు ఏ చేలో ఏ పంట వేసేవారో, బీడు ఎంతవరకు ఉండేదో, బట్టమేకను చివరిసారి ఎక్కడ చూశారో అడిగి ఊరి పటం మీద గుర్తులు పెట్టమన్నాను.