భర్తకు స్వంత వృత్తి, నాకు రెండో ఉద్యోగం: పన్ను ఎలా లెక్కిస్తారు?

ప్రశ్న: మియాపూర్ నివాసి

నేను హైటెక్ సిటీలోని ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో నెలకు 80,000 రూపాయల జీతానికి పనిచేస్తున్నాను. కంపెనీ రాతపూర్వక అనుమతితోనే 2025 ఏప్రిల్ నుంచి సాయంత్రం వేళ అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలోనూ చేరాను. అక్కడ జీతం 40,000. మా వారు స్వంతంగా ఇంటీరియర్ డిజైనింగ్ చేస్తారు, ఏడాదికి సుమారు 22 లక్షల వసూళ్లు వస్తాయి. ఇప్పుడు అక్టోబరు వచ్చినా రెండు చోట్లా నా జీతంలో టీడీఎస్ (జీతం ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) ఒక్క రూపాయి కూడా కోయలేదు. అంటే నాకు పన్ను లేనట్లేనా? మా వారి ఆదాయాన్ని నా ఆదాయంతో కలుపుతారా? ఆయన పద్దులూ నేనే రాస్తాను కాబట్టి నాకు జీతం ఇచ్చినట్లు చూపితే పన్ను తగ్గుతుందని బంధువులు అంటున్నారు, అది సబబేనా?

సమాధానం: హిమాయత్‌నగర్ పన్ను సలహాదారు

మన చట్టంలో భార్యాభర్తలకు ఉమ్మడి రిటర్ను లేదు. ఎవరి పాన్ వారిది, ఎవరి లెక్క వారిది. మీరు జాగ్రత్తపడవలసినది మీ రెండు జీతాల విషయంలోనే. ఒక యజమానికి మరొకరు ఇచ్చే జీతం వివరాలు తెలియవు గనుక, ఇద్దరూ విడివిడిగా 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకు పన్ను లెక్కకు ముందు ఇచ్చే మినహాయింపు) తీసివేసి, కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి ఇచ్చే రిబేటు (పన్ను మాఫీ) కూడా వర్తింపజేసి, పన్ను సున్నా అని తేల్చారు. నిజానికి మీ మొత్తం జీతం 14,40,000. డిడక్షన్ ఒక్కసారే వర్తిస్తుంది కాబట్టి పన్ను పడే ఆదాయం 13,65,000 అవుతుంది. 2025-26 రేట్ల ప్రకారం దానిపై 84,750, నాలుగు శాతం సెస్సుతో కలిపి 88,140 రూపాయలు కట్టాలి.

మీకు జీతం చూపే ఆలోచన మానుకోండి. మీ వారు 44ఏడీఏ సెక్షన్ కింద వసూళ్లలో సగాన్ని, అంటే 11 లక్షలను, ఆదాయంగా చూపుతుంటే ఖర్చులన్నీ మిగతా సగంలోనే పోయినట్లు లెక్క. మీకిచ్చే జీతాన్ని మళ్లీ ఖర్చుగా తీసివేయనివ్వరు. పైగా అది మీ వృత్తిపరమైన అర్హత, అనుభవం వల్లే వచ్చినదని నిరూపించలేకపోతే, 64వ సెక్షన్ ప్రకారం ఆయన ఆదాయంలోనే కలుపుతారు. అప్పుడు ఆయన 12 లక్షల గీత దాటి, ఇప్పుడు అందుతున్న రిబేటు కూడా పోవచ్చు.

మియాపూర్ నివాసి

చాలా కృతజ్ఞతలు అండీ. ఇంత మొత్తం ఒక్కసారిగా కట్టడం మాకు కష్టం. ఇప్పుడు ఏం చేయాలి?

సమాధానం: కొత్తపేట ఉద్యోగి

మేడమ్, 12బి ఫారంలో రెండో జీతం వివరాలు నింపి మీ మొదటి కంపెనీ పేరోల్ వారికి ఈ నెలలోనే ఇవ్వండి. అనుమతి ఎలాగూ ఉంది కనుక సంకోచం అక్కరలేదు. వారు మిగిలిన ఆరు నెలల జీతాల్లో సర్దుతారు, నెలకు దాదాపు 14,690 పడుతుంది. మా ఇంట్లోనూ ఈ పద్ధతే పాటిస్తున్నాం. జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఇక వెతుక్కోవలసిన బాకీ ఉండదు.

సమాధానం: హిమాయత్‌నగర్ పన్ను సలహాదారు

ఆ మార్గమే మేలు. కంపెనీ ఒప్పుకోకపోతే మీరే అడ్వాన్స్ టాక్స్ (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే పన్ను) కట్టాలి: డిసెంబరు 15 నాటికి 75 శాతం, మార్చి 15 నాటికి మొత్తం. జూన్, సెప్టెంబరు వాయిదాలు దాటినందుకు నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. మీ వారికి 44ఏడీఏ కింద ఎప్పుడైనా పన్ను పడితే, మార్చి 15న ఒకే వాయిదాలో కట్టవచ్చు.